రాయి కింద బొగ్గు

పోయిన వారం తెరిసమ్మని మొదటి రాయి దగ్గర, తవ్విన గొయ్యి ముందు వదిలి వచ్చాం. సర్వేయరు రమణమూర్తి గోతిలోకి వంగి చూశాడు. బొగ్గు కనిపించగానే చేతులు దులుపుకున్నాడు. రాళ్ళు జరిగాయని మీరే అర్జీ పెట్టారు, కింద బొగ్గుంటే అది మా రాయేనని మీరే రాశారు, బొగ్గుంది కదమ్మా అన్నాడు. సోమవారం పదింటికి అటవీశాఖ వాళ్ళు కూడా వస్తారని, అందరి ముందూ సంతకాలు అయిపోతే ఈ వరసే పార్కుకి హద్దని చెప్పి జీపెక్కాడు. అది 2005 ఫిబ్రవరి, శుక్రవారం మధ్యాహ్నం.

బొగ్గు సంగతి తెలిస్తే గాని మిగతాది తెలియదు. అరకులోయ నుంచి పైకి పది మైళ్ళ దూరంలో, నల్లగెడ్డ అనే వాగు ఒడ్డున తుంగగూడ ఉంది. గెడ్డకి పెద్ద వరద వచ్చిన ఏడు, నీరు తీశాక, చెత్త పేరుకున్న గీత చూసి ఊరు అక్కడ ఒక రాయి పాతుతుంది. ఏ ఇంటి వంతు వస్తే ఆ ఇంటి పొయ్యిలోంచి దోసెడు బొగ్గు తెచ్చి రాయి కింద వేస్తారు. బొగ్గు కుళ్ళదు. ఎవరైనా రాయిని లాగేసినా చోటు ఎక్కడో అది చెబుతుంది. రాయికి దిగువన గెడ్డ వైపు నేల నీటిది, ఎగువన మనుషులది. అలా పాతిన రాళ్ళు ఎనిమిది. ఆఖరిది తొంభై ఆరు తుపానుది. దాని వంతు తెరిసమ్మ ఇంటిది.

ఆ మరుసటి ఏడు రాళ్ళకి కిందున్న నేలనీ, అందులోని రెండు మడుగులనీ పక్షుల పార్కుగా ప్రకటించారు. కాగితం మీద రాసుకున్న హద్దు కూడా ఆ ఎనిమిది రాళ్ళే. వేసవిలో అక్కడ వరి వేసుకునే పదకొండు ఇళ్ళవాళ్ళు మడులు వదులుకున్నారు. తెరిసమ్మ ఇల్లు అందులో ఒకటి. పార్కు కమిటీకి అధ్యక్షురాలూ ఆమే.

మొన్న డిసెంబరులో ఊరు ఊరంతా కాఫీ పళ్ళ కోతకి కొండెక్కింది. తెరిసమ్మ అత్తగారిని కంటి ఆపరేషనుకి విశాఖ తీసుకెళ్ళింది. మూడు వారాల తర్వాత వచ్చి చూస్తే ఎనిమిది రాళ్ళూ రెండువందల అంగలు కిందికి దిగి ఉన్నాయి. పై మడుగు పార్కు బయట పడింది. రాళ్ళకి పైనున్న బంజరుని లీజుకి తీసుకున్న కాటేజీలు కట్టే కంపెనీ బుల్డోజరు పెట్టి మోకాటి లోతు మట్టి గీకేసింది. పాత గోతులూ, వాటిలోని పాత బొగ్గూ ఆ మట్టితోపాటే పోయాయి.

ఇక శనివారం సంగతి.

తెల్లారి తెరిసమ్మ గునపం తీసుకుంటుంటే అత్త యర్రమ్మ అరుగు మీద కూర్చుని ఎదురింటి కోళ్ళు లెక్కపెడుతోంది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నెలకి పైగా ఆవిడకి అదే పని. ఏడాదిపాటు తిరిగినా ఆసుపత్రిలో దొరకని మంచం ఈసారి వెళ్ళిన రోజునే దొరికింది. కొడుకు లాజరస్ ఎవరినో పట్టుకుని చెప్పించాడని ఆవిడ ఊళ్ళో అందరికీ చెప్పుకుంది. రాత్రి పప్పులో రాయి తగిలిందని కోడల్ని ఇంకా వదల్లేదు.

“ఇన్నాళ్ళూ నాను గుడ్డిదాన్ని. ఇప్పుడీ ఇంట్లో నీకే ఏటీ కనబడదే” అంది.

తెరిసమ్మ నవ్వి గునపం భుజాన వేసుకుంది. దారిలో బుధు తాతని లేపింది. ఎనిమిది రాళ్ళలో మూడు బుధు తాత చేతి మీదుగా పాతినవి. ఇప్పుడాయనకి కంట్లో పువ్వు. ఆసుపత్రికి రమ్మంటే, ఈ వయసులో కొత్తగా చూడాల్సిన మొహాలు ఎవరివీ లేవని రానన్నాడు. కర్ర ఊనుకుంటూ వెనకే వచ్చాడు.

ముందు అలవాటు ప్రకారం మడుగుల చుట్టూ తిరిగింది. కింది మడుగులో నీటికోళ్ళు ఇరవై ఆరు, కొంగలు తొమ్మిది. పై మడుగులో ఏమీ లేవు. ఈలబాతులు అక్కడే జమ్ములో గుడ్లు పెట్టేవి. బుల్డోజరు వచ్చిన రోజు లేచిపోయినవి మళ్ళీ దిగలేదు.

మొదటి రాయి దగ్గర నిన్నటి గొయ్యి అలాగే ఉంది. తెరిసమ్మ చెయ్యి పెట్టి గుప్పెడు బొగ్గు తీసింది. నిన్న సర్వేయరు ముందు ఆమె దాన్ని పైనుంచే చూసింది. ఇప్పుడు ఒక ముక్క తీసి బుధు తాత అరచేతిలో పెట్టింది. ఆయన వేళ్ళతో తడిమాడు, గోటితో కొట్టాడు, మళ్ళీ తడిమాడు.

“ఇదేటే, వంపుగా ఉంది? కర్ర బొగ్గు ఇలాగుండదు.”

తెరిసమ్మ ముక్కని వెలుగులోకి తిప్పింది. పలచగా ఉంది. ఒక పక్క నున్నన, రెండో పక్క పీచు గీతలు. కొబ్బరిచిప్ప బొగ్గు.

తుంగగూడలో కొబ్బరిచెట్టు లేదు. చుట్టుపక్కల ఏ కొండ మీదా లేదు. ఊళ్ళో ఈ బొగ్గు ఉండే ఇల్లు ఒక్కటే. ఏడాదికోసారి శృంగవరపుకోట సంత నుంచి గోనెసంచితో వస్తుంది. మొన్న దసరాకి వచ్చిన సంచిని బస్సు మీంచి దింపి నెత్తిన పెట్టుకుని ఆ ఇంటికి మోసింది తెరిసమ్మే.

రెండో రాయి దగ్గరికి వెళ్ళి గునపం దింపింది. అక్కడ వేరేది ఉండాలనుకుంది. అదే ఉంది. మూడో దాని కింద అదే. నాలుగోది తవ్వేటప్పుడు బుధు తాత, ఏముందే అని అడిగాడు. ఐదో దాని దగ్గర అడగడం మానేశాడు. ఆరు, ఏడు అయ్యేసరికి ఎండ వీపు మీదికొచ్చింది.

ఎనిమిదో రాయి కింద మాత్రం కర్రబొగ్గు. ముడులు ముడులుగా ఉన్న కాఫీ మొదళ్ళ బొగ్గు. లాజరస్ కాఫీ తోటలో పని చేస్తాడు, నరికిన మొదళ్ళు ఇంటికి తెస్తాడు, తెరిసమ్మ పొయ్యిలో కాలేది అవే. తన రాయి కింద తన బొగ్గు చూసేసరికి ఆమెకి ఊపిరి వచ్చింది. రాయి లాగినవాడు దీన్ని మాత్రం పాత గోతిలోంచి ఏరి తెచ్చి వేసి ఉంటాడనుకుంది. బుధు తాత ఆ ముక్కనీ చేతిలోకి తీసుకున్నాడు.

“మీ పొయ్యిదే. ఎనిమిదేళ్ళు నీళ్ళల్లో నానినా ఎంత గట్టిగా ఉందే” అన్నాడు.

ఆమె మనసు అక్కడ లేదు. చిప్ప బొగ్గు ముక్క ఒక కొసన, కర్రబొగ్గు ముక్క రెండో కొసన చీర కొంగులో ముడేసుకుంది. గోతులు కప్పాక బుధు తాత గెడ్డ వైపు తిరిగాడు.

“నాకు కళ్ళు కనబడవు. ఆ చిప్ప బొగ్గు ఎవరిదో నాకు తెల్దు. సోమవారం అడిగినా తెల్దనే సెప్తాను. నీకు కనబడతాయి. నువ్వేటి సెప్తావో నువ్వే సూసుకో” అన్నాడు.

ఎలీయేజరు మాస్టారు శనివారం మధ్యాహ్నం ఇస్త్రీ చేసుకుంటాడు. రెండు తెల్ల చొక్కాలు, ఒకటి ఆదివారం గుడిలో పాఠం చదవడానికి, ఒకటి సోమవారం బడికి. పంతొమ్మిదేళ్ళుగా ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. బడి వెనక రెండు గదుల ఇల్లు. నాలుగేళ్ళ కింద భార్య పోయాక పొయ్యి తీయించేసి గ్యాసు పెట్టించుకున్నాడు. ఆ ఇంట్లో నిప్పు అనేది ఇప్పుడు ఇస్త్రీపెట్టెలోనే ఉంటుంది.

తెరిసమ్మకి అతను అన్న. పన్నెండేళ్ళు పెద్ద. తల్లి పోయినప్పుడు ఆమెకి ఆరేళ్ళు. తలకి నూనె రాసింది అతనే, ఐదో తరగతి దాకా చదివించింది అతనే. మడుగులో పక్షుల్ని చూపించి ఒక్కొక్క పేరూ పుస్తకంలో రాయించింది అతనే. తొంభై ఏడులో గుడి ముంగిట్లో పదకొండు ఇళ్ళవాళ్ళని కూర్చోబెట్టి, మడులు వదలమని అడిగింది కూడా అతనే. రేపు సర్కారు వాళ్ళు ఈ రాళ్ళు జరిపేస్తే ఏటి సేత్తావు మాస్టారూ అని ఆవేళ ఒకడు అడిగాడు. రాయి కిందున్న బొగ్గు మీది, దాన్ని ఏ సర్కారూ కదపలేదు అని అతను చెప్పాడు. ఆ మాట మీదే వదిలారు.

ఆమె వెళ్ళేసరికి బల్ల మీద దుప్పటి నాలుగు మడతలు వేసి చొక్కా పరిచి ఉంది. ఇస్త్రీపెట్టె మూత మీద ఇత్తడి కోడిపుంజు. అతను తిరిగి చూడకుండానే ఫ్లాస్కులో టీ ఉందన్నాడు. ఆమె గడప మీద కూర్చుంది. కొంగు ముడి విప్పి, చిప్ప బొగ్గు ముక్క తీసి, లేచి వెళ్ళి బల్ల అంచున పెట్టింది.

అతను ముందు చొక్కాని పక్కకి లాగాడు, మసి అంటకుండా. తర్వాత పెట్టెని నిలబెట్టాడు.

దారంతా ఆమె ఒక్కటే తయారు చేసుకుంటూ వచ్చింది. ఇదేంటని అడుగుతాడు, నాది కాదంటాడు, ఎవరో నా సంచిలోంచి ఎత్తుకుపోయారంటాడు. అప్పుడు ఏమనాలో కూడా అనుకుంది. నిజానికి ఆ మాటే అంటే బాగుండునని కూడా అనుకుంది.

“ఎన్ని తవ్వావు?” అన్నాడు ఎలీయేజరు.

“అన్నీ.”

అతను బల్ల మీది బొగ్గు ముక్కని వేలితో దొర్లించాడు. టీ పొయ్యనా అన్నాడు. ఆమె వద్దంది. అప్పుడు స్టూలు మీద కూర్చుని, పిల్లలకి పాఠం చెప్పే గొంతుతోనే మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు.

నవంబరులో కంపెనీ మనిషి బడికొచ్చాడట. ఐదో తరగతి వెనక బల్ల మీద కూర్చుని పిల్లలు చదువుతుంటే గంటసేపు విన్నాడట. ఈ బడిలో ఐదు పూర్తి చేసినవాళ్ళు ఎందరని అడిగితే ఎలీయేజరు నూట నలభై ఇద్దరని చెప్పాడు. పది దాకా వెళ్ళినవాళ్ళు ఎందరంటే తొమ్మిది మంది. పై బడికి పది మైళ్ళు, బస్సు రోజుకి ఒకటి. పెద్ద బడి కావాలని ఎలీయేజరు పెట్టిన అర్జీలు పధ్నాలుగు. నకళ్ళు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఆ మనిషి నకళ్ళన్నీ చదివాడట. చదివి, పై మడుగు పక్క మెరకలో పదో తరగతి దాకా బడీ, ఆడపిల్లలకి హాస్టలూ మేం కట్టిస్తాం అన్నాడట. ఇంకో మాట కూడా చెప్పాడు. హద్దు తేలకపోతే హైదరాబాదులో ఫైలు కదిలి పార్కు మొత్తమే రద్దయిపోతుంది, మూడో వంతు పోతే రెండు వంతులు నిలబడతాయి అని. ఎలీయేజరు రాసిమ్మన్నాడు. ఉత్తరం రాసిచ్చారు. అది కూడా ట్రంకుపెట్టెలోనే ఉంది.

తర్వాత ఊరు కొండెక్కింది, చెల్లెలు విశాఖ వెళ్ళింది. బడి విడిచాక రోజుకో రాయి. తాడూ, దొర్లించడానికి రెండు వెదురు బొంగులూ. ఏడు సాయంత్రాలు.

“మధ్యలో ఆదివారం మానేశాను” అన్నాడు.

“మంచి పని సేసినావు” అంది తెరిసమ్మ. “ఆవేళ గుడిలో ఏ పాఠం సదివినావు?”

గోడ మీద పిల్లలు వేసిన పక్షుల పటం ఉంది. అతను దానికేసి చూశాడు.

“బొగ్గెందుకు వేసినావన్నా?” అంది ఆమె. “ఒట్టి రాయి పాతేసుంటే సర్వేయరే అబద్ధం రాయని తేల్చేసేవోడు. బొగ్గు వేసినావు కాబట్టి నిజం రాయైపోయింది. ఆడి కోసమే వేసినావా?”

“సర్వేయరు తవ్వుతాడని నాకేం తెలుసు.”

“మరెందుకు?”

ఇస్త్రీపెట్టె కన్నాల్లోంచి వచ్చే ఎరుపు తగ్గిపోతోంది. మామూలుగా అయితే ఎలీయేజరు లేచి ఇంకో నాలుగు ముక్కలు వేసేవాడు. మూలనున్న బొగ్గు సంచి సగానికి పైగా ఖాళీ అయి, మడతపడి ఉంది.

“మొదటిది పాతాను. మట్టి కప్పబోయాను. చెయ్యి రాలేదు. కింద ఏమీ లేకుండా రాయి పాతితే...” ఆపాడు. “నాన్న పాతుతుంటే చూసిన చేతులు కదా. పాత గోతిలో బొగ్గు ఏరుదామనుకున్నాను. బురదలో కలిసిపోయింది. ఇంటికొచ్చి వెతికాను. ఇంట్లో ఉన్నది అదే.”

తెరిసమ్మకి మొదటిసారి ఏడుపు వచ్చింది. ఊరిని మోసం చేసే పనిని కూడా అన్న ఊరి పద్ధతిలోనే చేశాడు. తెలియనివాడైతే దొరికేవాడు కాదు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ గడప మీద కూర్చుంది.

బడి మాట ఎత్తింది అతనే. నువ్వు ఐదుతో ఆగిపోయావు, నిన్ను ఆరుకి పంపలేకపోయాను, ఆ సంగతి నాకు ఇంకా గుర్తుంది అన్నాడు. నీ తర్వాత ఈ పంతొమ్మిదేళ్ళలో ఎందరు గుంట పిల్లలు ఐదు అవగానే కాఫీ తోటకి పోయారో నీకు తెలియదు, నా రిజిస్టరులో ఉంది అన్నాడు. బాతులు ఇంకో మడుగు చూసుకుంటాయి, ఈ పిల్లలకి ఇంకో బడి ఎక్కడుందో చెప్పు అన్నాడు.

ఆమె చివరి దాకా విన్నది.

“నన్ను అడ్డం పెట్టుకోకన్నా. నాకు ఆరో తరగతి లేకపోతే నువ్వేటి సేత్తావు, నాన్నేటి సేత్తాడు. బడి కావాలి. ఎవరు వద్దన్నారు? గుడి ముందర కూసోబెట్టి ఆవేళ మడులు అడిగినావు. ఇచ్చినారు. మళ్ళీ అలాగే కూసోబెట్టి, బడికి మెరక కావాలర్రా అని అడగాల్సింది.”

“అడిగితే ఇచ్చేవాళ్ళా?”

“ఇత్తారో, ఇవ్వరో. అడగలేదు కదా నువ్వు.”

ఆమె చెప్పుకుంటూ పోయింది. బుధు తాత ఆ మడుగులో చేపలు పట్టే మావు బుట్ట వేయడం ఎవరి మాట మీద మానేశాడు? పోయిన ఏడు తిండిగింజలు సరిపోని ఇళ్ళు మూడున్నాయి, మడి దున్నుకుంటామని వాళ్ళు అడిగితే వద్దన్నది ఎవరు? తనే. అన్న చెప్పాడని ఇంటింటికీ వెళ్ళి వద్దని చెప్పింది. వాళ్ళు రేపు తన మొహం మీద ఏమంటారు? అన్నాచెల్లెళ్ళు కలిసే చేశారంటారు. విశాఖ వెళ్ళడం కూడా అందుకే అంటారు. సరిగ్గా రాళ్ళు దిగిన మూడు వారాలే ఊళ్ళో లేకుండా పోయిందంటారు.

“సోమవారం నువ్వు రావాలి” అంది. “ఏడు గోతులూ తవ్వించి, చిప్ప బొగ్గు తీయించి, ఇది నాది, నేనే జరిపానని సర్వేయరుకి సెప్పాలి. పాత గోతులు గీకేసినారు. ఇంకో సాక్ష్యం లేదు. నువ్వు సెప్పకపోతే పదింటికి సంతకాలు అయిపోతాయి.”

“ఉద్యోగం పోతుంది.”

“పోద్ది.”

“కేసు పెడతారు.”

“పెడతారు. నేను సెప్తే కూడా పెడతారు. నేను సెప్తే నా అన్న మీద సెప్పినట్టవుద్ది. నీ నోటితో నువ్వు సెప్పుకుంటే ఊరు ఏదో ఒక రోజు నీ గడప తొక్కుద్ది.”

బయట పిల్లలు బడి ఆవరణలో కర్రాబిళ్ళ ఆడుతున్నారు. ఒకడు మాస్టారూ అని కేకేసి, లోపల తెరిసమ్మని చూసి వెళ్ళిపోయాడు. ఎలీయేజరు లేచి చొక్కా తీసుకున్నాడు. ఒక చెయ్యి ఇస్త్రీ అయింది, ఒకటి కాలేదు. దాన్ని అలాగే మడత పెట్టాడు. ఆ మడతలో అతని వయసు కనిపించింది.

“వస్తాను” అన్నాడు. “నేనే చెప్తాను. ఉత్తరం కూడా తెస్తాను.”

తెరిసమ్మ తల ఊపింది. లేచి, బల్ల మీది బొగ్గు ముక్కని మళ్ళీ కొంగున ముడేసుకుని గడప దాటబోయింది.

“కానీ తెరిసా, నేను ఏడే చెప్పగలను.”

ఆమె వెనక్కి తిరిగింది.

“ఎనిమిదోది నేను ముట్టలేదు. ఏడోది దింపి, మర్నాడు ఆఖరిదాని కోసం వెళ్ళేసరికి అది అప్పటికే దిగి ఉంది. వరస తప్పకుండా, నా అంగల లెక్క ప్రకారమే పాతి ఉంది.”

“ఎవులు?”

“నన్ను అడక్కు.”

“తెలుసా, తెల్దా?”

ఎలీయేజరు ఇస్త్రీపెట్టె మూత తీసి బూడిద చూస్తూ నిలబడ్డాడు. “నన్ను అడక్కు” అన్నాడు మళ్ళీ.

గెడ్డ దాటేటప్పుడు బుధు తాత మాట గుర్తొచ్చింది. ఎంత గట్టిగా ఉందే.

తెరిసమ్మ రాతి మీద నిలబడి కొంగులో రెండో ముడి విప్పింది. పొయ్యి దగ్గర ఇరవై ఏళ్ళు గడిపిన మనిషికి బొగ్గు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎనిమిదేళ్ళు నానిన బొగ్గు వేలితో నొక్కితే పొడైపోవాలి. ఇది పొడి కాలేదు. రాతికేసి కొడితే టంగుమంది. అరచేతి మీద గీస్తే నల్లటి గీత పడింది. నిన్నో మొన్నో పొయ్యిలోంచి తీసినట్టుంది. డిసెంబరులో తీసినట్టుంది. డిసెంబరులో ఆ పొయ్యి దగ్గర ఆమె లేదు, అత్త లేదు. ఇంట్లో ఉన్నది ఒక్కడే.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. లాజరస్ తోట నుంచి వచ్చి పొయ్యి ముందు కూర్చుని కాఫీ మొద్దుని ఎగదోస్తున్నాడు. బేగి రాలేదేటే అన్నాడు. అతని చేతులకి కాఫీ జిగురు ఇంకా ఉంది. తెరిసమ్మ చెప్పులు విడిచి, పొయ్యి గట్టు మీద రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టింది.

లాజరస్ చిప్ప బొగ్గు వైపు చూశాడు. అదేంటని అడగలేదు. రెండోది చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళ మధ్య ఒకసారి తిప్పి, చల్లగా పొయ్యిలో వేశాడు. అది చిటపటమనలేదు, పొగ రాలేదు. వేసిన క్షణాన అంటుకుంది.

ఇద్దరూ దాన్నే చూశారు.

“బావ ఏడే సెప్పాడా?” అన్నాడు లాజరస్. “ఎనిమిదోది దేనికో సెప్పలేదా?”

తెరిసమ్మ నోరు తెరిచే లోపల అరుగు మీంచి గొంతు వచ్చింది.

“సెప్పకురా” అంది యర్రమ్మ.

తెరిసమ్మ గుమ్మం వైపు తిరిగింది. నల్ల కళ్ళద్దాలు ఒళ్ళో పెట్టుకుని ముసలామె కూర్చుని ఉంది. కొడుకు ఎవరినో పట్టుకుని ఇప్పించిన ఆసుపత్రి మంచం మీద కొత్తగా చూపొచ్చిన కన్ను రెప్ప వేయకుండా కోడలినే చూస్తోంది.